డైపర్ ఒక్కరే వేసుకోవాలంటే గోడే మూడో చెయ్యి

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు పోయి నాలుగేళ్లయింది, రాజమండ్రిలో ఒక్కదాన్నే ఉంటాను. ఏడాదిగా దగ్గినా తుమ్మినా బట్టలు తడిసిపోతున్నాయి. రాత్రి మెలకువ వచ్చి బాత్‌రూమ్ దాకా నడిచేలోపే అయిపోతోంది. షుగరుంది, మోకాళ్ల నొప్పులు, కుడి భుజం పట్టేసి చెయ్యి వెనక్కి తిరగదు. బెంగళూరు నుంచి అబ్బాయి పెద్దవాళ్ల డైపర్లు ఆరు ప్యాకెట్లు పంపాడు, పక్కన స్టిక్కర్లు అంటించే రకం, ఎల్ సైజు. ఒక్కటి కూడా సరిగ్గా వేసుకోలేకపోయాను. ముందు పట్టుకుంటే వెనక జారిపోతుంది, ఎలాగో అంటిస్తే తొడల పక్కనుంచి కారిపోతుంది. పనమ్మాయిని సాయం అడగడానికి మనసొప్పదు, కోడలికి చెప్పలేను. శానిటరీ ప్యాడ్లు, పాత చీర ముక్కలు పెట్టుకుని నెట్టుకొస్తున్నాను. సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు తాగడం మానేశాను. వచ్చే నెల మా అక్క మనవరాలి పెళ్లి హైదరాబాద్‌లో, రాత్రి రైలు ప్రయాణం. వెళ్లాలంటే భయంగా ఉంది. ఎవరి సాయం లేకుండా వేసుకునే పద్ధతి చెప్పండి. పేరు వేయొద్దు.

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెళ్లికి మీరు వెళ్తారు, ముందు ఆ సంగతి ఖాయం చేసుకోండి. మిగతాదంతా నేర్చుకుంటే వచ్చే పనే.

నేను ముప్పై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేశాను. ఎంతమందికి డైపర్లు వేశానో లెక్కలేదు. కానీ మంచం మీద పడుకోబెట్టి ఇంకొకరికి వెయ్యడం వేరు, నిలబడి మనకి మనం వేసుకోవడం వేరు. ఆ తేడా నాకు 54వ ఏట గర్భసంచి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు మూత్రం మీద అదుపు తప్పినప్పుడు తెలిసింది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం బాత్‌రూమ్‌లో నిలబడి, చేతిలో డైపర్ పట్టుకుని, ఎటు ముందో ఎటు వెనకో తెలిసి కూడా వేసుకోలేక ఏడ్చాను. హాస్పిటల్‌లో డిశ్చార్జి రోజున పేషెంట్లకి మేం "డైపర్లు వాడండమ్మా" అని చెప్పి పంపేవాళ్లం, ఎలా వేసుకోవాలో ఒక్కరం కూడా చూపించేవాళ్లం కాదు. అది మా తప్పే. కాబట్టి మీకు రాకపోవడంలో వింతేమీ లేదు.

అసలు చిక్కెక్కడంటే, స్టిక్కర్ల రకం డైపర్ తయారు చేసిందే పక్కన ఇంకో మనిషి ఉంటాడని. మంచంలో ఉన్నవాళ్ల కోసం అది. వెనక భాగం పట్టుకోవడానికి ఒక చెయ్యి, ముందు భాగం పైకి లాగడానికి ఒక చెయ్యి, స్టిక్కర్ అంటించడానికి ఇంకో చెయ్యి కావాలి. మనకున్నవి రెండే, మీకైతే ఒకటిన్నర. ఆ మూడో చెయ్యి పని గోడ చేస్తుంది. ఇది తెలియకే ముందు పట్టుకుంటే వెనక జారుతోంది.

వేసుకునే ముందు డైపర్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని తీరిగ్గా చూడండి. స్టిక్కర్లు ఉన్న వైపు వెనక, అంటే నడుం వైపు. స్టిక్కర్లు ముందుకొచ్చి పొట్ట మీద అంటుకుంటాయి. చాలా కంపెనీల వాటికి ముందు భాగం పైన వెడల్పుగా ఒక పట్టీ ఉంటుంది, స్టిక్కర్లు దాని మీదే అంటించాలి. ప్లాస్టిక్ టేపు రకమైతే ఆ పట్టీ మీద కాకుండా పక్కన అంటిస్తే తీసేటప్పుడు చిరిగిపోతుంది, గరుగ్గా వెల్క్రోలా ఉండే రకమైతే ఎన్నిసార్లయినా తీసి అంటించుకోవచ్చు. లోపల చూస్తే రెండు తొడల వైపులా పొడుగ్గా, కుచ్చిళ్లలా లేచి నిలబడే సన్నటి అంచులు కనిపిస్తాయి. మీ సమస్యంతా ఆ కుచ్చిళ్లలోనే ఉంది. డైపర్ లోపల ఉండే పొడి, సోడియం పాలీయాక్రిలేట్ అంటారు, తడి తగలగానే పీల్చుకుని జిగురులా గట్టిపడుతుంది, కానీ అంతా పీల్చుకోవడానికి దానికి కొంత టైం పడుతుంది. మూత్రం ఒక్కసారిగా వచ్చినప్పుడు ఆ కాసేపూ కారకుండా ఆపేవి ఆ కుచ్చిళ్లే. అవి లోపలికి మడతపడిపోతే ఎంత ఖరీదైన డైపర్ అయినా తొడల పక్కనుంచి కారుతుంది. సైజు పెద్దదైనా అంతే, తొడ దగ్గర సందు మిగిలిపోతుంది. పెద్దది తీసుకుంటే ఎక్కువ పీలుస్తుందనుకుని చాలామంది సైజు పెంచుతూ పోతారు, అది పొరపాటు. టేపుతో బొడ్డు దగ్గర నడుం చుట్టూ ఒకసారి, పిరుదుల దగ్గర ఒకసారి కొలిచి, ఏది ఎక్కువైతే ఆ కొలతని ప్యాకెట్ మీద అంగుళాలతో పోల్చి చూసుకోండి. ఒక కంపెనీ ఎల్, ఇంకో కంపెనీ ఎల్ ఒకటి కావు.

ఇక వేసుకునే విధానం. మొదటిసారి రాత్రి నిద్రమత్తులో, తొందరలో వద్దు. పొద్దున పనమ్మాయి వెళ్లిపోయాక, తలుపు గడియ పెట్టుకుని, ఒక్క డైపర్ పక్కన పెట్టుకుని దానితోనే మూడు నాలుగుసార్లు వేసి తీసి సాధన చెయ్యండి. చిరిగిపోతే పోనివ్వండి. తడి బాత్‌రూమ్‌లో అసలు వద్దు, పడిపోతే తుంటి విరుగుతుంది. పడకగదిలో, పొడి నేల మీద, చేతికి అందేంత దూరంలో మంచమో బరువైన కుర్చీయో ఉండేలా చూసుకోండి. పడుకుని లేచిన వెంటనే కూడా వద్దు, కాసేపు మంచం అంచున కూర్చుని కళ్లు తిరగడం లేదని చూసుకున్నాకే నిలబడండి.

నైటీ అంచు పైకెత్తి, బట్టలారేసే క్లిప్పుతో భుజం దగ్గర బిగించండి. ఈ చిన్న పని మర్చిపోతే నైటీ పట్టుకోవడానికే ఒక చెయ్యి పోతుంది. డైపర్ విప్పి, నిలువుగా మధ్యకి మడిచి కాస్త నొక్కండి, అరటిదొప్పలా మధ్యలో లోతు రావాలి, అప్పుడు కుచ్చిళ్లు వాటంతటవే లేచి నిలబడతాయి. గోడవైపు వీపు ఉండేలా జానెడు దూరంలో నిలబడి, కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా, మీ నొప్పి ఒప్పుకున్నంత మేరకే వంచండి. స్టిక్కర్లున్న అంచు ముందుగా వెళ్లేలా కుడిచేత్తో కాళ్ల మధ్యనుంచి ముందు నుంచి వెనక్కి పంపించండి. ఆడవాళ్లం ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే, కడుక్కునేటప్పుడూ తుడుచుకునేటప్పుడూ కూడా, లేకపోతే వెనక ఉండే క్రిములు మూత్రనాళంలోకి చేరతాయి. వెనక్కి వచ్చిన అంచుని మీ ఎడమచేత్తో అందుకుని నడుం దాకా పైకి లాగి, అది అక్కడ ఉండగానే వెనక్కి జరిగి పిరుదుల్ని గోడకి ఆనించేయండి. అంతే, గోడ పట్టుకుంది. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ. మీ కుడిచెయ్యి వెనక్కి వెళ్లాల్సిన అవసరమే రాలేదు చూడండి, స్టిక్కర్ల రెక్కలు రెండూ తుంటి పక్కనే వేలాడుతుంటాయి, చెయ్యి కిందకి దించితే అందుతాయి.

ముందు భాగాన్ని బొడ్డు కిందదాకా లాగి, వెనక ఎత్తూ ముందు ఎత్తూ సమానంగా ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకోండి. కింది స్టిక్కర్లు ముందు. అవి తొడ చుట్టూ బిగించేవి కాబట్టి కొంచెం పైకి వాలేలా అంటించాలి. పై స్టిక్కర్లు తర్వాత, కొంచెం కిందకి వాలేలా. చాలామంది పై వాటితో మొదలుపెడతారు, నడుం బిగుస్తుంది కానీ తొడల దగ్గర వదులైపోతుంది. నాలుగూ అంటించాక గోడనుంచి ముందుకొచ్చి, గజ్జల దగ్గర రెండువైపులా వేలు పెట్టి ముందునుంచి వెనక్కి జరుపుతూ, లోపలికి ముడుచుకున్న అంచుల్ని బయటికి లాగండి. దీనికి పది సెకన్లు పడుతుంది, ఈ పది సెకన్లే మీ పక్కబట్టల్ని కాపాడతాయి. నడుం దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు చాలు. కూర్చుని లేచి నాలుగడుగులు వేసి చూడండి, వదులనిపిస్తే స్టిక్కర్ తీసి మళ్లీ అంటించండి.

గోడకి ఆనించేటప్పుడు వెనక భాగం కిందకి జారుతుంటే, ఆనించడానికి ముందే ఇంకో నాలుగు వేళ్లంత పైకి లాగి ఉంచండి, ఆనేటప్పుడు ఆ మేరకి దిగి సరిపోతుంది. ఇది నాకు రెండు రోజులకి గానీ పట్టుబడలేదు.

మోకాళ్లు మరీ మొరాయించిన రోజున మంచం మీదే వేసుకోవచ్చు. డైపర్‌ని పరిచి, స్టిక్కర్ల అంచు మీ నడుం వచ్చేచోట ఉండేలా పెట్టి, దాని మధ్యలో కూర్చుని మెల్లగా వెల్లకిలా పడుకోండి. సరిగ్గా కుదరకపోతే నడుం ఎత్తడానికి తంటాలు పడొద్దు, ఒక పక్కకి ఒత్తిగిలి సర్దుకుని, మళ్లీ ఇంకో పక్కకి ఒత్తిగిలండి. ముందు భాగం కాళ్ల మధ్యనుంచి పైకి తెచ్చి అంటించుకోవడమే. కాకపోతే పడుకున్నప్పుడు పొట్ట పరుచుకుంటుంది, లేచి నిలబడితే కిందకి దిగుతుంది, అందుకని పడుకుని బిగించినది నిలబడగానే వదులవుతుంది. లేచాక స్టిక్కర్లు మళ్లీ ఒకసారి సరిచేసుకోవాలి. రాత్రి పడుకునే ముందు వేసుకోవడానికి ఈ పద్ధతి హాయి, పగటికి గోడే మేలు.

మీ ఉత్తరంలో పక్షవాతం మాట లేదు, కానీ ఇది చదివే వాళ్లలో ఒక చెయ్యి, ఒక కాలు పనిచెయ్యని వాళ్లు ఉంటారు కాబట్టి వాళ్ల కోసం ఒక్క మాట. బాగాలేని వైపు స్టిక్కర్లని ముందే, చేతిలో ఉండగానే వదులుగా అంటించి, కుర్చీలో కూర్చుని ఆ కాలిని ముందు దూర్చి, తర్వాత రెండోవైపు చుట్టుకుని బాగున్న చేత్తో అంటించుకోవచ్చు. వేసుకునేటప్పుడు బలహీనమైన కాలు ముందు, తీసేటప్పుడు అది చివర. పక్కన పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, ఒక్కరే ఉన్నప్పుడు నిలబడి ప్రయత్నించొద్దు. మగవాళ్లయితే స్టిక్కర్లు బిగించే ముందు అంగం కిందివైపుకి ఉండేలా చూసుకోవాలి, పక్కకో పైకో ఉంటే నడుం దగ్గరనుంచి తడి బయటికి వస్తుంది. ఎన్ని మార్చినా పొట్ట దగ్గరే తడుస్తోంది అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

ఇప్పుడు మీ అబ్బాయి పంపిన సరుకు గురించి. ప్రేమతో పంపాడు, కానీ మీకు పగలు కావాల్సింది ఆ రకం కాదు. మీరు నడుస్తారు, బాత్‌రూమ్‌కి వెళ్తారు, దారిలోనే కొంత పోతోంది అంతే. అలాంటివాళ్లకి ప్యాంటు రకం, చడ్డీలా వేసుకునేది సరిపోతుంది. అందులో ఉన్న పెద్ద సుఖం ఏమిటంటే బాత్‌రూమ్‌కి వెళ్లినప్పుడు కిందకి దించి, పనయ్యాక పైకి లాక్కోవచ్చు. స్టిక్కర్ల దానితో ప్రతిసారీ నాలుగూ విప్పి అంటించాలి, ఆ బాధ పడలేక మనిషి మెల్లగా బాత్‌రూమ్‌కి వెళ్లడమే మానేసి అందులోనే పోసుకోవడం అలవాటు చేసుకుంటుంది. నేను చూసినవాళ్లలో అలా వారాల్లోనే నడక తగ్గిపోయి మంచానికి అతుక్కుపోయిన వాళ్లున్నారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, డైపర్ వేసుకున్నా సరే గంట చూసుకుని బాత్‌రూమ్‌కి వెళ్లండి, రెండు మూడు గంటలకొకసారి.

ప్యాంటు రకం నిలబడి ఒంటికాలి మీద వేసుకోవద్దు. మంచం అంచున కూర్చుని, ఎక్కువ నొప్పి ఉన్న కాలు ముందు దూర్చి, రెండోది దూర్చి, మోకాళ్ల దాకా లాక్కుని, అప్పుడు కుర్చీ పట్టుకుని లేచి పైకి లాగండి. కుడిచెయ్యి వెనక్కి పోదు కాబట్టి ఎడమచేత్తో వెనక, కుడిచేత్తో ముందు లాగితే సరి. తీసేటప్పుడు కాళ్లమీదుగా లాగక్కర్లేదు, రెండు పక్కలా అతుకు ఉంటుంది, పైనుంచి కిందకి చింపేస్తే ఊడొస్తుంది. ఉన్న ఆరు ప్యాకెట్లు పారేయకండి, స్టిక్కర్ల రకం ఎక్కువ పీలుస్తుంది కాబట్టి రాత్రిళ్లకి వాడుకోండి. కింద ఒక అండర్‌ప్యాడ్ (తడి పీల్చే షీటు) పరుచుకుంటే పరుపు గురించి టెన్షన్ ఉండదు.

ఒకదాని మీద ఒకటి రెండు డైపర్లు వేసుకునేవాళ్లు ఉన్నారు. లాభం లేదు, లోపలిదాని వెనక ఉన్న ప్లాస్టిక్ పొర తడిని బయటిదానికి పోనివ్వదు, పక్కలనుంచి బయటికి తోస్తుంది. శానిటరీ ప్యాడ్లు కూడా ఇందుకు పనికిరావు, అవి మెల్లగా వచ్చే నెలసరి రక్తం కోసం చేసినవి, ఒక్కసారిగా వచ్చే మూత్రాన్ని ఆపలేవు. పాత చీర ముక్కలైతే తడి అలాగే ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది, షుగరున్న మీకు అది అసలే మంచిది కాదు.

చర్మం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. తడిసిన డైపర్ మూడు నాలుగు గంటలు మించి ఉంచొద్దు. రాత్రి మంచి రకం వేసుకుంటే తెల్లారేదాకా ఆగొచ్చు, కానీ విరేచనం తగిలితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఉంచకుండా మార్చెయ్యాలి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ముతక తువ్వాలుతో రుద్దకుండా మెత్తటి నూలు గుడ్డతో అద్దండి, మీ పాత చీర ముక్కలకి ఇదీ సరైన వాడకం. పూర్తిగా ఆరాకే కొత్తది వేసుకోవాలి, ఐదు నిమిషాలు ఫ్యాన్ కింద గాలి తగలనిస్తే ఇంకా మంచిది. పౌడర్ వద్దు, తడితో కలిసి గజ్జల్లో ఉండకట్టి ఒరిపిడి పెంచుతుంది. ఎర్రబడుతుంటే జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పల్చగా, లేత పొర మాత్రమే రాయండి. మందంగా పూస్తే అది డైపర్‌కి అంటుకుని పీల్చే గుణాన్ని చంపేస్తుంది. దురద, తెల్లటి పొర, చిన్న చిన్న ఎర్రటి పొక్కులు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, క్రీములు మార్చి చూస్తూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించండి.

నీళ్లు మానేశానన్నారు, ఆ ముక్క దగ్గర నాకు మనసు చివుక్కుమంది. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడుతుంది, చిక్కటి మూత్రం మూత్రాశయాన్ని రేపుతుంది, అప్పుడు కొంచెం నిండినా అర్జెంటు అనిపిస్తుంది. మలబద్ధకం వస్తుంది, గట్టిపడిన మలం మూత్రసంచిని నొక్కి ఇంకా ఎక్కువ చేస్తుంది. ఇన్‌ఫెక్షన్ కూడా త్వరగా వస్తుంది. పగలంతా మామూలుగా తాగండి, పడుకోవడానికి రెండు గంటల ముందు తగ్గిస్తే చాలు. టీ, కాఫీ మాత్రం సాయంత్రం తర్వాత వద్దు.

డైపర్ వేసుకోవడం వచ్చేసింది కదా అని ఇక్కడితో ఆగిపోవద్దు టీచర్ గారూ. వయసొస్తే ఇంతేలే అని మన ఆడవాళ్లు ఏళ్లతరబడి దాచుకుంటారు. మీకున్నవి రెండు రకాలు: దగ్గితే పోవడం ఒకటి, ఆపుకోలేక దారిలో పోవడం ఇంకోటి. రెండింటికీ వైద్యం ఉంది. యూరాలజిస్టునో, గైనకాలజిస్టునో కలవండి. వెళ్లేటప్పుడు మీరు వాడే మందుల చీటీ తీసుకెళ్లండి, ఎందుకంటే షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే రకాలు చక్కెరని మూత్రంలోకి పంపించి పనిచేస్తాయి, వాటితో మూత్రం ఎక్కువవుతుంది, కింద ఫంగస్ కూడా వస్తుంది. బీపీ కోసం, కాళ్ల వాపు కోసం ఇచ్చే నీటి మాత్రలు కొన్ని సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేపుతాయి, పొద్దుటికి మార్చొచ్చేమో డాక్టర్ చెప్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, అడగండి చాలు. షుగర్ అదుపులో లేకపోయినా మూత్రం ఎక్కువే వస్తుంది, అది కూడా చూపించుకోండి. ముట్లు ఆగిపోయిన తర్వాత కింద పొడిబారిన వాళ్లకి డాక్టర్లు ఒక్కోసారి పైపూత క్రీము రాసిస్తారు, దానితోనే చాలావరకు తేలికపడిన వాళ్లున్నారు.

ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు 1948లో రాసిన వ్యాయామం ఒకటుంది, ఇప్పటికీ ప్రపంచమంతా డాక్టర్లు మొదట చెప్పేది అదే. గ్యాస్ రాకుండా, మూత్రం పడకుండా బిగపట్టేటప్పుడు ఏ కండరం లోపలికి లాగుతామో దాన్ని ఐదు సెకన్లు బిగపట్టి, ఐదు సెకన్లు పూర్తిగా వదలాలి. పదిసార్లు, రోజుకి మూడుపూటలా. పొట్ట, తొడలు బిగించకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. మూత్రం పోసుకుంటూ మధ్యలో ఆపి సాధన చెయ్యడం అలవాటు చేసుకోవద్దు. పదిరోజుల్లో ఏమీ కనిపించదు, మూడు నెలలు వదలకుండా చేస్తే తేడా తెలుస్తుంది. నాకు తెలిసింది.

ఒక్క జాగ్రత్త. మూత్రంలో రక్తం కనిపించినా, మంట, చలిజ్వరం ఉన్నా, అసలు మూత్రమే రాకుండా పొట్ట ఉబ్బినా ఆలస్యం చెయ్యొద్దు. హఠాత్తుగా కాళ్లలో బలం తగ్గి, కూర్చునే చోట స్పర్శ తెలియకుండా పోయి, దాంతోపాటు అదుపు తప్పితే అది వెన్నెముక నరాలకి సంబంధించినది, ఆ రోజే, ఆ గంటలోనే హాస్పిటల్‌కి వెళ్లాలి.

ఇక ప్రయాణం. టికెట్ ఇంకా తీయకపోతే లోయర్ బెర్త్ కోటాలో తీయించుకోండి, 45 దాటిన ఆడవాళ్లకి అది ఉంది. బాత్‌రూమ్‌కి దగ్గరి బెర్త్ దొరికితే వాసన వస్తుందని వద్దనకండి, ఆ రాత్రి మీకు అదే మంచిది. రైల్లోకి చీర వద్దు, కదిలే రైల్లో కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని మార్చుకోవడం కష్టం. వదులుగా ఉండే పంజాబీ డ్రెస్సో, నైటీ మీద చున్నీయో వేసుకోండి. ఇంటి దగ్గర బయల్దేరే ముందే స్టిక్కర్ల రకం మంచిది ఒకటి వేసుకోండి. రైల్లో మార్చాల్సి వచ్చినా అదే నయం, ఎందుకంటే ప్యాంటు రకానికి కాళ్లు ఒక్కొక్కటీ ఎత్తాలి, చెప్పులు తీయాలి, కింద తడి నేల. స్టిక్కర్లదైతే చెప్పులతోనే, కాలెత్తకుండా, గడియ పెట్టిన తలుపుకో గోడకో ఆని వేసుకోవచ్చు. మీరు ఇంట్లో నేర్చుకున్న గోడ పద్ధతి అక్కడ అక్కరకొస్తుంది. రైలు ఆగినప్పుడు గానీ నిదానంగా వెళ్తున్నప్పుడు గానీ చేసుకోండి, ఒక చెయ్యి కడ్డీ మీదే ఉంచండి. చిన్న చేతిసంచిలో రెండు డైపర్లు, తడి టిష్యూలు, నూలు గుడ్డ, నాలుగు పాత న్యూస్‌పేపర్లు, రెండు నల్ల కవర్లు, ఒక సల్వార్ పెట్టుకోండి, ఆ సంచి తలకింద ఉండాలి, సీటు కింద కాదు.

పెళ్లిలో పట్టుచీరకి భయం లేదు. లంగా కింద ప్యాంటు రకం వేసుకుని, దాని మీద మామూలు నూలు ప్యాంటీ ఒకటి వేసుకుంటే బరువెక్కినా కిందకి జారదు, బయటికి ఏమీ కనిపించదు. నడిస్తే గరగరమని చప్పుడు వస్తుందని భయపడతారు, ఆ చప్పుడు ప్లాస్టిక్ పైపొర ఉన్నవాటికి వస్తుంది, గుడ్డలా మెత్తగా ఉండే రకం కొనుక్కుంటే రాదు. ఉక్కపోతగా ఉంటే తడవకపోయినా చెమటకే మార్చుకోండి. మంటపంలోకి వెళ్లగానే బాత్‌రూమ్ ఎక్కడుందో చూసుకుని, అటు దగ్గరగా ఉన్న కుర్చీలో కూర్చోండి.

వాడినవాటిని కమోడ్‌లో వెయ్యొద్దు, నీళ్లు తగిలితే ఉబ్బి పైపులు మూసుకుపోతాయి. విరేచనం ఉంటే ముందు దాన్ని కమోడ్‌లో దులిపేసి, తడి భాగం లోపలికి వచ్చేలా గుండ్రంగా చుట్టి, దాని స్టిక్కర్లతోనే బిగించి, పేపర్లో చుట్టి కవర్లో పెట్టండి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే ఇలా చుట్టి విడిగా ఇవ్వాలని రాశారు, చెత్త తీసుకెళ్లే అమ్మాయి ఒట్టి చేతులతో ఏరుకునే పరిస్థితి రాకూడదు. పెరట్లో తగలబెట్టడం కూడా వద్దు, అందులో ప్లాస్టిక్ చాలా ఉంటుంది.

కోడలికి చెప్పలేనన్నారు. చెప్పి తీరాలని నేననను, మీ ఇంటి సంగతి మీకు తెలుసు. కానీ ప్రయాణంలో పక్కన ఉండే ఒక్క మనిషికి, అక్కకైనా, అక్క కూతురికైనా చెప్పి ఉంచండి, రాత్రి రైల్లో బాత్‌రూమ్ తలుపు బయట నిలబడడానికి. అబ్బాయికి మాత్రం ఈసారి ఫోన్ చేసినప్పుడు కొలతలు చెప్పి, పగటికి ప్యాంటు రకం, గుడ్డలాంటి పైపొర ఉన్నది, ముందు ఒకటే ప్యాకెట్ పంపమనండి. అది సరిపోయిందని మీరు చెప్పాకే మిగతావి పంపమనండి.